గ్రాంటు వచ్చేలోగా

విజయనగరం

అమ్మడూ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాదులో నర్సు ఉద్యోగం మానేసి వచ్చి, ఆమదాలవలసలో మన పాత పెంకుటింట్లో వృద్ధాశ్రమం పెడతానంటున్నావట. మా చెల్లికి కోపంగా ఉంది. నాకైతే ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషమా భయమా అంటే రెండూను. మీ అత్త మాత్రం పక్కమీద నుంచే, "దానికి మీ పోలికే వచ్చింది. మీరు చేసినట్టు మాత్రం చెయ్యొద్దని రాయండి" అని అటు తిరిగి పడుకుంది. అందుకే ఈ ఉత్తరం.

సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, స్వచ్ఛంద సంస్థలకిచ్చే దర్పణ్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆడిటరు. ఇవి నాకంటే నీకే బాగా తెలుసు. వీధి మెట్లు తీయించి వాలుగా గచ్చు చేయించు. బాత్‌రూమ్ గోడకి పట్టుకోవడానికి కమ్మీలు పెట్టించు. వాటి గురించి ఇంతే.

అటల్ వయో అభ్యుదయ యోజన కింద పాతికమంది నిరుపేద వృద్ధులుంటే కేంద్రం గ్రాంటు ఇస్తుందని మీ అమ్మకి ధైర్యం చెప్పావట. అలాంటి పథకం ఉన్నమాట నిజమే. కాని దాన్ని నమ్ముకుని బియ్యం బస్తా దింపించకు. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చినప్పుడు నేను ఎంత మురిసిపోయానో! జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో 150 మందికి చోటు అని రాశారు. రెండోసారి చదివితే తెలిసింది, రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు "చేయాలి" అని కాదు, "చేయవచ్చు" అని ఉంది. గుమాస్తాగా బతికినవాణ్ణి, ఇలాంటి మాటల దగ్గర నా కన్ను ఆగిపోతుంది.

గ్రాంటు ఆలస్యమైందంటే ఎవరో కావాలని తొక్కిపెట్టారనుకోకు. తనిఖీకి వచ్చినాయన రిపోర్టు రాయాలి, అది పైకి వెళ్ళాలి. పోయినసారి సొమ్ము ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం, అదే యూసీ, ఇవ్వాలి, దాని మీద ఆడిటరు సంతకం ఉండాలి. ఆ సొమ్మే ఆలస్యంగా వస్తే యూసీ ఇంకా ఆలస్యం, దాని వెనక తరువాతి వాయిదా. ఈలోగా మార్చి 31, ఆర్థిక సంవత్సరం ఆఖరు, వచ్చి పడుతుంది. ఎన్నికల ఏడాదైతే ముందు కొన్ని నెలల ఖర్చుకి మాత్రమే అనుమతిచ్చే ఓట్ ఆన్ అకౌంట్, అసలు బడ్జెట్ ఆ తరువాతెప్పుడో. ఒక్కో బల్ల మీద పదిహేను రోజులు ఆగినా చాలు, నీ ఇంట్లో ఆరు నెలలు గడిచిపోతాయి.

పింఛను ఉంది కదా అంటావు. 75 రూపాయల పింఛను రోజులు చూసినవాణ్ణి, ఇవాళ ఒకటో తారీఖున 4,000 ఇంటికి తెచ్చి ఇస్తుంటే చిన్న సంగతి అనను. అందులో కేంద్రం వాటా 79 ఏళ్ళ దాకా 200, ఎనభై నిండితే 500. మిగతాది రాష్ట్రానిదే. కాని మంచం పట్టిన మనిషికి అది ఎంతవరకు? రెండు గంటలకోసారి పక్క మార్చాలని నువ్వు నాకు చెప్పాలి. అర్ధరాత్రి ఆ పని చేసేది ఆయా. రెండు నెలలు జీతం ఆగితే ఆమె రాదు. ఆమెకీ పిల్లలున్నారు, తప్పు పట్టకు. ఆమె రాని వారంలోనే నడుం దగ్గర చర్మం కందుతుంది, తరువాత పుండు పడుతుంది. అందుకని ఆయాల జీతం ఆరు నెలలది ముందే వేరే ఖాతాలో వేసిపెట్టు. పాతికమంది అన్నది గ్రాంటు వాళ్ళ లెక్క. నువ్వు ఆరుగురితో మొదలుపెట్టు.

ఇక మీ అత్త రాయమన్నది.

2003 నాటి మాట. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున మేం నడిపిన ఆశ్రమం నీకు గుర్తుండదు, నువ్వు చిన్నపిల్లవి. నేను కార్యదర్శిని. ఇరవై రెండు మంది ఉండేవాళ్ళు. వాళ్ళలో పొందూరు ముసలమ్మ ఒకామె. ఖద్దరుకి నూలు వడికి బతికిన మనిషి. వచ్చిన రోజే నాకు ఒక రేకుపెట్టె ఇచ్చింది. లోపల పత్తి ఏకే వాలుగ చేప దవడ, గుడ్డలో మూటగట్టిన 4,200 రూపాయలు. "బాబూ, నాను పోతే నా గుంటడికి బారం కాకూడదు. కట్టెలకీ దినానికీ ఇవి సాలతాయి. నీకాడ దాసు" అంది. కొడుకు చెన్నైలో తాపీ పని.

ఆ ఏడాది దసరాకి రావలసిన గ్రాంటు దీపావళికీ రాలేదు. ఏ బల్ల దగ్గర ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. షావుకారుకి మాత్రం "వచ్చే వారం, వచ్చే వారం" అని చెబుతూ పోయాను. అది మొదటి తప్పు. ఎప్పుడొస్తుందో తెలియదని ఉన్నమాట చెప్పి ఉంటే ఆయనే ఏదో దారి చూపించేవాడేమో. మీ అత్త గాజులు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. భోగి ముందు రోజు షావుకారు బియ్యం ఆపేశాడు. పండగపూట ఇరవై రెండు మందికి చోడి (రాగి) అంబలి పోయడానికి నాకు మొహం చెల్లలేదు. పెట్టె తెరిచాను. ఆమె పక్క గదిలోనే ఉంది, అడగొచ్చు. అడగలేదు. పది రోజుల్లో తిరిగి పెట్టేస్తాను కదా అనుకున్నాను.

పండగ వెళ్ళిన వారానికి ఆమె నిద్రలోనే పోయింది. కట్టెల అడితీలో అరువు పెట్టి దహనం చేయించాను. కొడుకు రెండో రోజు దిగాడు. పెట్టె అతని చేతికిచ్చి ఉన్నదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఎందరు తిన్నారండీ ఆ డబ్బుతో?" అన్నాడు.

"ఇరవై రెండు మంది. పన్నెండు రోజులకి సరిపడా తెచ్చాం."

కాసేపు నేల చూసి, "అయితే మాయమ్మా తిన్నాదన్నమాట" అన్నాడు. దవడ తీసి జేబులో పెట్టుకుని, ఖాళీ పెట్టె అరుగు మీద వదిలి వెళ్ళిపోయాడు.

గ్రాంటు మార్చిలో వచ్చింది. మొదట అతనికి 4,200 మనీఆర్డరు చేశాను. ఆ చిరునామాలో లేడని తిరిగొచ్చింది. పొందూరులో అడిగితే ఇల్లు అమ్మేశారన్నారు. ఆ డబ్బు పోస్టాఫీసులో వేశాను, అక్కడే ఉంది. మీ అత్త గాజులు మాత్రం విడిపించాను. ఏ మొహంతో విడిపించావని అడగకు.

నువ్వు నాకంటే మంచిదానివే. అదే నా భయం. ఆకలి ఎదురుగా కనబడితే మంచివాళ్ళ చెయ్యే ముందు పెట్టె మీదకి పోతుంది. ఎవరైనా దాచమని ఇస్తే వాళ్ళ పేరనే పాస్‌బుక్కు తెరిపించు. పెట్టెలోనే ఉండాలని మొండికేస్తే, వాళ్ళ ఎదుటే లెక్కపెట్టి రాసి సంతకమో వేలిముద్రో వేయించు.

ఆదివారం పాసింజరుకి మన ఆమదాలవలసలోనే ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగుతాను. రిక్షా ఎందుకు, నడిచి వస్తాను, స్టేషన్‌కి రావద్దు. చోళ్ళు నానబెట్టమని మీ అమ్మకి చెప్పు. ఆ రేకుపెట్టె తెస్తున్నాను, తుప్పు గీకి రంగు వేయించాను. తాళం కప్ప కొత్తది కొనమ్మా. తాళంచెవి నీ దగ్గర ఉండకూడదు, మీ అమ్మ దగ్గర ఉంచు.

మీ మావయ్య