టెక్ సందేహాలు: జామ్‌బోర్డ్ పోయాక త్రిభుజం ఎక్కడ గీయాలి?

ప్రశ్న: ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. రాత్రిపూట వీడియో కాల్‌లో పదో తరగతి పిల్లల సందేహాలు తీర్చడానికి గూగుల్ వారి ఆన్‌లైన్ బోర్డు జామ్‌బోర్డ్ వాడేవాడిని. అది ఆగిపోయింది. పిల్లలవి తల్లిదండ్రుల ఫోన్లు, చాలామందికి ఈమెయిల్ లేదు. లాగిన్ లేకుండా అందరూ కలిసి గీసే ఉచిత బోర్డు ఏదైనా ఉందా?

జవాబు: జామ్‌బోర్డ్‌ను గూగుల్ 2024 డిసెంబరు 31తో పూర్తిగా ఆపేసింది. మిరో అనే మరో ఆన్‌లైన్ బోర్డు ఉంది గానీ, దాని ఉచిత ఖాతాలో మార్పులు చేయగలిగే బోర్డులు మూడే కాబట్టి, రోజుకో పాఠం చెప్పేవారికి అది చాలదు. మీ అవసరానికి 2020లో మొదలైన ఓపెన్ సోర్స్ బోర్డు ఎక్స్‌కాలిడ్రా సరిపోతుందని నా అభిప్రాయం. బ్రౌజర్‌లో సైటు తెరిచి, షేర్ బటన్ నొక్కి, లైవ్ సెషన్ మొదలుపెడితే ఒక లింకు వస్తుంది. దాన్ని పంపితే పిల్లలు ఏ ఖాతా లేకుండానే చేరిపోతారు. ఆ లింకులో హ్యాష్ గుర్తు (#) తరవాత ఉండే భాగంలోనే బొమ్మను విప్పే తాళంచెవి ఉంటుంది. బ్రౌజర్ ఆ భాగాన్ని సర్వరుకు పంపదు కనుక మీరు గీసింది సర్వరు నడిపేవారు కూడా చదవలేరు. అయితే లింకు చేతికందిన ఎవరైనా బోర్డు మీద రాయగలరు, కాబట్టి తరగతి అయ్యాక సెషన్ ఆపేసి, మర్నాడు కొత్త లింకు ఇవ్వండి.

ఉదాహరణకు ప్రాథమిక అనుపాత సిద్ధాంతమే తీసుకోండి: త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన గీత మిగతా రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో విభజిస్తుంది. ల్యాప్‌టాప్‌లో షిఫ్ట్ మీట పట్టుకుని గీస్తే గీత వంకర పోదు. త్రిభుజం భూమి బీసీనీ, దానికి సమాంతరంగా డీఈనీ అలాగే అడ్డంగా గీయండి. ఏడీ 4, డీబీ 6, ఏఈ 6 అని రాసి, బొమ్మ మొత్తాన్ని ఎంచుకుని, కుడి క్లిక్‌తో లాక్ చేయండి. ఇది మరిచిపోతే చిన్న తెరపై ఏదో ఒక వేలు తగిలి త్రిభుజం పక్కకు జరుగుతుంది, ఆ తరవాత పాఠం బదులు నవ్వులే. ఇప్పుడు ఈసీ ఎంతో ఒక్కరినే పిలిచి రాయమనండి. అందరికీ ఒకేసారి కలం ఇస్తే బోర్డు గోడరాతలతో నిండిపోతుంది. జవాబు 9 వచ్చేదాకా మీరు కే మీట నొక్కి లేజర్ చుక్కతో భుజాలు చూపిస్తూ ఉండవచ్చు, ఆ గీత దానంతటదే మాయమవుతుంది. టైపు చేసిన తెలుగుకు మాత్రం ఇంగ్లిషుకు వచ్చే చేతిరాత సొగసు రాదు, మామూలు ఫాంటే కనిపిస్తుంది.

బొమ్మ మీ బ్రౌజర్‌లోనే దాగి ఉంటుంది, బ్రౌజింగ్ డేటా తుడిచేస్తే అదీ పోతుంది. అందుకే పాఠం అవగానే పీఎన్‌జీ బొమ్మ ఫైలుగా ఎగుమతి చేస్తూ, ఎంబెడ్ సీన్ అనే ఎంపికకు టిక్ పెట్టండి. ఆ ఫైలును మళ్లీ బోర్డు మీదికి లాగితే గీతలన్నీ విడివిడిగా మార్చుకునేలా తెరుచుకుంటాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి; ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, లోపల దాచిన బొమ్మ వివరాలు పోతాయి.