వడ్డించేది మీరే కదా!

"అక్కా, మాది కడప. పెళ్లై 15 ఏళ్లు. అత్త, మామ, చిన్నమామ, చిన్నత్త, వాళ్ల కొడుకు, పెళ్లికావాల్సిన ఆడబిడ్డ, ముగ్గురు అన్నదమ్ముల సంసారాలు, పిల్లలు అంతా కలిసి 17 మందిమి ఒకే ఇంట్లో ఉంటాం. నేను పెద్ద కోడలిని. ఏడాదికి 17 పుట్టినరోజులు, 5 పెళ్లిరోజులు, ఇవి కాక పండగలు. అన్నీ క్యాలెండర్‌లో పెన్నుతో రాసిపెట్టుకుంటాను. అత్తకు అలసంద వడలు, మామకు సేమియా పాయసం, పిల్లలకు కేకు. ఎవరికేది ఇష్టమో నాకు తెలుసు.

ఈ ఏడు ఉగాది అయిన రెండో రోజు నా పుట్టినరోజు. ఒక్కరికీ గుర్తు రాలేదు. రాత్రి తొమ్మిదిన్నరకి చిన్న యారాలు ఫ్యామిలీ గ్రూపులో నా పాత ఫొటో పెట్టింది. పది నిమిషాల్లో 11 మంది కేకు బొమ్మలు పెట్టారు. అందరూ హాల్లోనే ఉన్నారు. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. ఫోన్లు టింగు టింగుమనడం వినపడుతోంది. లేచి వచ్చినవాళ్లు లేరు. మా ఆయన మంచివారు, ఏదడిగినా సరే అంటారు. ఆయన కూడా బొమ్మే పెట్టారు.

నా కూతురు ఒక్కతే నన్ను అర్థం చేసుకుంటుంది. దానికి 12 ఏళ్లు. నాకు ఒక కొడుకు కూడా ఉన్నాడు. మగవాళ్లు, పిల్లలు తిన్నాక మా ఆడవాళ్ల బంతి. అది నాతోనే ఆఖర్న తింటుంది. ఉగాదికి 70 ఓళిగలు చేస్తే మేం కూర్చునేసరికి చినిగినవి రెండు మిగిలాయి. 'నాకు చినిగినవే ఇష్టంలేమ్మా' అంది. బంగారు తల్లి. మొన్న స్కూల్లో రక్తపరీక్ష చేసి హిమోగ్లోబిన్ 9.8 ఉంది, తక్కువన్నారు. టానిక్ తాగిస్తున్నాను.

ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేయాలనుంది. ఇకమీద ఎవరి పుట్టినరోజూ చేయకుండా ఊరుకుంటే నా విలువ తెలిసొస్తుందేమో. ఏం చేయమంటారు?"

అక్కా అన్నారు కాబట్టి అక్కలాగే మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

గ్రూపులో ఉంటే ఉండండి, వచ్చేయాలనిపిస్తే వచ్చేయండి. దాని మీద ఇంకో మాట దండగ. పుట్టినరోజులు ఎగ్గొట్టి బుద్ధి చెప్పే పని మాత్రం పెట్టుకోవద్దు, అది మీ చేత కాదు. మామగారి పుట్టినరోజు నాడు తెల్లారి అయిదుకి లేచి సేమియా వేయించేది మళ్లీ మీరే. కోపం రెండు రోజులు నిలవని మనిషి సమ్మెకు దిగకూడదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆ ఫోన్ల టింగు టింగు దగ్గర నాకూ ఒళ్లు మండింది. రెండోసారి ఓళిగల దగ్గరికొచ్చి ఆగిపోయాను. మీరు ఆగలేదు. 'బంగారు తల్లి' అనేసి ముందుకు పోయారు.

చినిగిన ఓళిగ ఎట్లా ఉంటుందో పొయ్యి దగ్గర నిలబడిన మీకు నేను చెప్పాలా? ఉడికిన పప్పులో నీళ్లు సరిగా వార్చకపోతే పూర్ణం జారుగా వస్తుంది. ఆకు మీద తట్టేటప్పుడే పైపిండి ఒక పక్క పలచబడి నోరు తెరుస్తుంది. పెనం మీద వేయగానే పూర్ణం బయటికొచ్చి, బెల్లం మాడి, నల్లగా అంటుకుపోతుంది. అట్లకాడతో గీకి తీస్తే సగం చేదు. మూడు గంటలకు మీరు కూర్చునేసరికి చల్లారి తోలులా సాగుతూ ఉంటుంది, నెయ్యి గిన్నె అప్పటికే బోర్లించి ఉంటుంది. అదంటే ఇష్టమని ఏ పిల్లా అనదు. పన్నెండేళ్ల పిల్ల అందంటే, అమ్మ మనసు కష్టపెట్టకుండా అబద్ధం ఆడడం దానికి వచ్చేసిందన్న మాట.

ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా నేనే చెప్పాలా? 'నాకు ఆకలి లేదులే.' 'కూర వద్దులే, చారు చాలు.' 'నా పుట్టినరోజుకేముందిలే.' ఈ 'లే'లన్నీ ఆ ఇంట్లో ఎవరివి? 'ఇష్టంలేమ్మా' అన్న మాటలో ఆ 'లే' మీదే. పిల్ల మీ చేత్తో పాయసం చేయడం ఇంకా నేర్చుకోలేదేమో గానీ, దీన్ని ముందే పట్టేసింది.

మీరు అత్తను ఒక్క మాట అనలేదు, మంచిదే. యారాళ్ల మీద కొంచెం గుర్రు ఉంది, అది ఎవరింట్లోనైనా ఉండేదే. నాకు వాళ్లెవరి మీదా ఫిర్యాదు లేదు. నా గొడవంతా మీకూ మీ కూతురికీ మధ్య నడుస్తున్న ఈ వ్యవహారంతోనే. 17 మందిలో మిమ్మల్ని చూసేవాళ్లు లేరని, ఉన్న ఒక్క చిన్నపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని దానితో మీ ఒంటరితనం పంచుకుంటున్నారు. పాపం అది మోస్తోంది. మీరు దాన్ని అర్థం చేసుకోవడం అంటున్నారు.

ఒకటి గుర్తు చేసుకోండి. పిల్లల బంతిలో మీ కొడుకున్నాడు, మరిది పిల్లలున్నారు. ఈ పిల్ల ఆ బంతిలోంచి ఎప్పుడు లేచింది? ఎవరు లేపారు? ఏదో ఒక పండగ నాడు 'పాపా, తమ్ముడికి నెయ్యి వెయ్యి' అని ఉంటారు. వేసి వచ్చేసరికి దాని చోట్లో ఇంకెవరో కూర్చుని ఉంటారు. 'సర్లే, నాతో తిందువులే' అని ఉంటారు. ఇదిగో, ఇంకో రెండు 'లే'లు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. మీ ఇంట్లో వడ్డించేది ఎవరు? సొంత తల్లి. అయినా ఆ పిల్లకి కడబంతిలో చినిగిన ముక్క దక్కింది. సామెతను కూడా ఓడించారు మీరు.

ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇవ్వాలని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. అంత ముందుగా చట్టం తెచ్చుకున్న చోట, ఓళిగలో వాటా కోసం కూడా ఇంకో చట్టం రాయాలా?

ఇక ఆ 9.8 సంగతి. మీరు దాన్ని ఉత్తరంలో ఓళిగల పక్కనే రాసి, రెండూ వేరు వేరు సంగతులన్నట్టు వదిలేశారు. ఆ వయసు పిల్లకి 12 ఉండాలి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. కారణాలు చాలానే ఉంటాయి, నెలసరి, నులిపురుగులు ఇవన్నీ. మిగిలింది మిగిలినట్టు తినే అలవాటు కూడా అందులో ఒకటి. టానిక్ ఆపొద్దు. ఒకసారి డాక్టరుకు చూపించి, ఎన్నాళ్లు వాడాలో, నులిపురుగుల మాత్ర వేయాలో వద్దో అడగండి. తిన్న వెంటనే టీ ఇవ్వకండి, తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే మేలు. ఇవన్నీ చేసి, పిల్లను మాత్రం మూడింటిదాకా ఖాళీ కడుపుతో నీళ్ల చెంబు పట్టుకు తిప్పితే, టానిక్ పాపం ఏం చేస్తుంది?

మీరు కడప మనిషి. ఉగాది తెల్లవారుజామున దేవుని కడప వెంకన్న గుడి దగ్గర వరస ఎట్లా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు, వెంకటేశ్వరుడు మా అల్లుడు అని ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని గుడికి వస్తారు. తమ పిల్లను ఇచ్చిన ఇల్లు కదా, పండగ నాడు చూడకుండా ఉండలేరు. ఆడపిల్లను పండగ పూట మరిచిపోకూడదని ఊరంతా అంత పట్టుదలగా ఉంటే, అదే పూట మీ ఇంటి ఆడపిల్ల వంటింటి గడప పక్కన చివరి బంతి కోసం కాచుకుని ఉంది.

మా జేజి వాళ్ల ఇల్లు కూడా ఇట్లాంటిదే. పండక్కి 20 మందికి పైనే. నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు ఒక దసరాకి మా చిన్నమ్మ అయిదో నెల కడుపుతో ఉంది. మగవాళ్ల బంతికి ఆకులు వేస్తున్నారు. ఆమె చేతిలో ఉన్న పప్పు గిన్నె కింద పెట్టి, ఒక ఆకు తీసుకుని మా తాత పక్కనే వేసుకుని కూర్చుంది. ఎవరూ మాట్లాడలేదు. మా పెద్దనాయన నీళ్లు తాగుతూ గ్లాసు దించలేదు, అట్లాగే పట్టుకున్నాడు. మా జేజి తలుపు దగ్గర గరిటెతో నిలబడిపోయింది. తాత రెండు ముద్దలు తిని, "ఆ ఉప్పు ఇట్లియ్యమ్మా" అన్నాడు. ఇచ్చింది. అంతే. ఆ తర్వాత ఆమె ఏ బంతిలో కూర్చున్నా అడిగినవాళ్లు లేరు. నిజం చెప్పాలంటే వాళ్లు అంతకు ముందు కూడా వద్దనలేదు. అడిగినవాళ్లే లేరు.

మీ ఇంట్లో కూడా అంతే అయి ఉంటుంది. చేసి చూడండి. మళ్లీ ఎవరి పుట్టినరోజు వస్తుందో క్యాలెండర్ మీ చేతిలోనే ఉంది. ఆ రోజు పిల్లల బంతిలో మీ అమ్మాయి పళ్లెం మొదట పెట్టండి. మధ్యలో ఎవరు ఏం అడిగినా అది లేవకూడదు. నెయ్యి వెయ్యాల్సి వస్తే ఎనిమిదేళ్ల వాడైనా, పద్నాలుగేళ్ల వాడైనా లేచి వేస్తాడు, చేతులున్నాయి. తిన్న పళ్లెం ఎవరిది వాళ్లు కడగడం పిల్లలతోనే మొదలుపెట్టండి. పెద్దవాళ్ల జోలికి ఇప్పుడే పోవద్దు, అది వచ్చే ఏటి పని. మీ కొడుక్కి కూడా ఇది మేలే. రేపు వాడు పెళ్లి చేసుకున్న పిల్ల ఇట్లాంటి ఉత్తరం రాయకుండా ఉంటుంది.

మీరు కూడా చిన్న యారాలిని పిలిచి, వండినవి మధ్యలో పెట్టుకుని ఒక బంతి ముందే కూర్చోండి. గ్రూపులో ఫొటో పెట్టిందని ఆమె మీద ఉడుక్కుంటున్నారు గానీ, ఆ ఇంట్లో మీ పుట్టినరోజు గుర్తొచ్చింది ఆమె ఒక్కదానికే. రాత్రి తొమ్మిదిన్నరకైతేనేం.

అంతకన్నా ముందు ఒక పని ఉంది. మీ అమ్మాయితో ఒంటరిగా ఉన్నప్పుడు, జడ వేసేటప్పుడైతే ఇంకా మంచిది, మొహాలు చూసుకోనక్కర్లేదు, "ఆ రోజు ఓళిగ బాగాలేదు కదా? నాకూ నచ్చలేదు" అనండి. ఏడవొద్దు. నాయనమ్మ మీద, చిన్నమ్మల మీద చెప్పొద్దు. ఆ పిల్ల ముందు ఇంటివాళ్ల మీద చాడీలు చెప్పడం కూడా ఆపేయండి. చెబుతున్నారని మీరు రాయలేదు, నేనే ఊహించుకుంటున్నాను. తప్పయితే మన్నించండి.

పుట్టినరోజు మాట కూడా చెప్పేస్తాను, లేకపోతే అక్క అసలు సంగతి దాటేసిందంటారు. వచ్చే ఏడు ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర, "రేపు నా పుట్టినరోజు, పొద్దున నేను వంట చేయను, బయటి నుంచి కారం దోసెలు తెప్పించండి, ఎర్రకారం ఎక్కువ వేయించండి" అని గట్టిగా చెప్పండి. అడిగి చేయించుకుంటే విలువేముంది అంటారేమో. ఆ వాదన నాకు ఎప్పుడూ ఎక్కలేదు. 17 మంది ఉన్న ఇంట్లో అడగకపోతే కరెంటు బిల్లు కూడా గుర్తుండదు. ఎవరి మనసు వాళ్లు చదివి, చెప్పకుండానే తెలుసుకోవాలంటే అందరూ మీలాగా క్యాలెండర్లో రాసుకోవాలి. ఎవరూ రాసుకోరు. రాసుకోనివాళ్లందరూ దుర్మార్గులు కాదు, ఒట్టి బద్ధకస్తులు.

మీ వారి గురించి నేను ఎక్కువ రాయలేదు. ఏదడిగినా సరే అంటారని రాశారు కదా, ఇన్నేళ్లలో మీరు ఆయన్ని ఏమడిగారో మాత్రం రాయలేదు. ముందు ఒక చిన్నదానితో మొదలుపెట్టండి. ఎంత జాగ్రత్తగా చేసినా 70లో రెండైనా ఓళిగలు చినుగుతాయి, తప్పదు. వచ్చే పండక్కి ఆ రెండూ ఆయన పళ్లెంలో వేయండి.