ఊళ్లో తాళం వేసిన ఇళ్లే కనిపిస్తున్నాయి, దూరంగా ఉన్న మాలాంటివాళ్లం ఏం చేయగలం?

హైదరాబాద్‌లో స్థిరపడ్డామనీ, రాజోలు దగ్గర రెండెకరాలు కౌలుకిచ్చామనీ, ఊరు ఖాళీ అవుతుంటే బాధగా ఉందనీ రాశారు. చేయగలిగింది ఉందండి. మీ చేను చేస్తున్న కౌలు రైతుకి పంట సాగుదారు హక్కుల కార్డు వచ్చేలా కౌలు ఒప్పందం మీద సంతకం పెట్టండి.

మన జనం కరువొచ్చి పోయినవాళ్లు కాదు. 1852లో గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ నీళ్లున్న నేల ఇది. అయినా 2011 జనాభా లెక్కల్లో, అంతకుముందు పదేళ్లలో దేశం 17 శాతానికి పైగా పెరిగితే పశ్చిమ గోదావరి 4 శాతం కూడా పెరగలేదు, తూర్పు 6 దాటలేదు. పిల్లల్ని తక్కువగా కనడం ఒక కారణం. చదువుకున్నవాళ్లు హైదరాబాద్, అమెరికా వెళ్లడం, పేదిళ్ల ఆడవాళ్లు కువైట్, మస్కట్‌లలో ఇంటిపనికి పోవడం ఇంకో కారణం. ఈ రెండు రకాల వలసలకీ మధ్య ఉన్న ముడి మా ఇంట్లోనే చూశాను.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న చేసేది కౌలు సేద్యమే. భూమి గలవాళ్లు అమెరికాలో ఉంటారు, మంచివాళ్లే. కానీ సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని వాళ్ల భయం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చేసరికి మా చేను కోసి పనల మీద ఉంది. మురుగు కాలువ నిండా గుర్రపుడెక్క, నీళ్లు లాగలేదు. నాలుగో రోజుకి కంకుల మీదే తెల్లటి మొలకలు. అమ్మ ఒక్కో పన ఎత్తి గట్టు మీద ఆరేస్తుంటే గింజలు చేతికంటుకుని జిగురుగా వచ్చేవి. కార్డు లేదు కాబట్టి పంట నమోదు యజమాని పేరునే ఉంది, పరిహారం మాకు రాలేదు. బ్యాంకు లోను ఎప్పుడూ లేదు. ఎరువుల కొట్లో బాకీ, వడ్డీ బాకీ కలిసి మీద పడ్డాయి. ఆ తర్వాతే అమ్మ కువైట్ వెళ్లింది. బాకీ తీరాక వస్తానంటోంది.

నాన్న ఒక్కరే ఇప్పటికీ చేస్తున్నారు. ఊడ్పులకి బెంగాల్ కూలీల ముఠాలు వస్తున్నాయి, కొబ్బరి దింపుకి మనిషి దొరకడం గగనం. ఆయన వయసు కౌలుదార్లు మానేస్తే మీ చేను బీడే.

2019 సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ ఒప్పందం 11 నెలలకే చెల్లుతుంది. భూమి మీద హక్కేమీ పోదు, పంట మీద వచ్చే రుణం, బీమా, పరిహారం మాత్రమే కౌలు రైతుకి అందుతాయి. వేసవి సెలవులకి ఊరొచ్చినప్పుడు, సార్వాకి, అంటే వానాకాలం పంటకి ముందే, సచివాలయంలో వీఆర్వో దగ్గర ఈ పని చూసుకోండి. ఆ భూమి మీద మీరే పంట రుణం తీసుకుని ఉంటే అది తీర్చేయండి, లేకపోతే కార్డున్నా బ్యాంకు కదలదు. పంట పోయిన ఏడాది మక్తాలో, అంటే మీకు రావలసిన కౌలు ధాన్యంలో, నాలుగు బస్తాలు తగ్గించుకోండి. కౌలుదారు నోరు తెరిచి అడగలేడు, మీరే ముందు ఫోన్ చేసి చెప్పండి.