ఒక డాక్టర్ బోర్డర్‌లైన్ అన్నారు, ఇంకొకరు ఏడీహెచ్‌డీ అన్నారు. ఏది నిజం?

ప్రశ్న: మా చెల్లికి 24 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ ఏ పనీ చివరిదాకా చేయదు, వస్తువులు ఎక్కడో పెట్టి మర్చిపోతుంది. కాలేజీలో చేరాక కోపం బాగా పెరిగింది. స్నేహితురాలు ఫోన్ ఎత్తకపోతే చాలు, ‘నేనంటే ఎవరికీ ఇష్టం లేదు’ అని ఏడుపు, అరుపులు. రెండుసార్లు తనను తాను గాయపరచుకుంది. ఒక సైకియాట్రిస్టు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నారు. ఇంకొకరు చిన్నప్పటి నుంచీ ఏడీహెచ్‌డీ ఉందన్నారు. నాన్న ‘జబ్బూ లేదు గిబ్బూ లేదు, పొగరు’ అంటారు. అమ్మ తన పెంపకమే తప్పని కుమిలిపోతోంది. ఎవరి మాట నమ్మాలి? ఇది నయమయ్యేదేనా?
– ఒక అన్నయ్య

జవాబు: మీరు అడిగినవాటికన్నా ముందు, ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన విషయం మాట్లాడుకోవాలి. మీ చెల్లెలు రెండుసార్లు గాయపరచుకుంది. ‘మనల్ని బెదిరించడానికి చేసింది’ అని ఇంట్లో ఎవరైనా అంటుంటే ఆ మాట ఇవాళే మాన్పించండి. ఇలా చేసేవాళ్లలో చాలామంది భరించలేని బాధ కాసేపైనా తగ్గుతుందని చేస్తారు. చావాలన్న ఉద్దేశం లేకపోవచ్చు. అయినా ఒకసారి గాయపరచుకున్నవాళ్లకు ఆత్మహత్య ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువే. తను నెమ్మదిగా ఉన్న సమయంలో పక్కన కూర్చుని ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరూ జంకుతారు. అలా ఏమీ జరగదు, అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ‘అనిపిస్తోంది, ఎలా చేయాలో కూడా అనుకున్నాను’ అంటే మాత్రం ఒంటరిగా వదలొద్దు. అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంట్లోని మందులూ పదునైన వస్తువులూ తాళం వేసిన చోట పెట్టండి.

ఇక డాక్టర్ల సంగతి. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఒకే మనిషిలో ఈ రెండు సమస్యలూ కలిసి ఉండటం అరుదేమీ కాదు.

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం), ఆటిజం, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) లాంటివి మెదడు ఎదిగే క్రమంలోనే వచ్చే తేడాలు. వాటి ఆనవాళ్లు బాల్యంలోనే ఉంటాయి. ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపు కనిపించి ఉండాలి. పర్సనాలిటీ డిజార్డర్ అలా కాదు. తన గురించి తాను ఏమనుకుంటుంది, ఎదుటివాళ్లను ఎలా అర్థం చేసుకుంటుంది, బంధాలను ఎలా నడుపుకుంటుంది అన్న తీరు ఏళ్ల తరబడి ఒకేలా తేడాగా ఉండి, తననీ చుట్టూ ఉన్నవాళ్లనీ బాధపెడుతుంటే దానికా పేరు. అది సాధారణంగా టీనేజీలోనో ఆ తర్వాతో బయటపడుతుంది. నెల రోజులు చిరాకుగా ఉన్నంత మాత్రాన ఎవరికీ ఆ ముద్ర వేయకూడదు.

చిక్కేమిటంటే తొందరపాటు, కోపం, నిలకడ లేకపోవడం రెండింటిలోనూ ఉంటాయి. అందుకని కోపం ఎంత వచ్చిందన్నది కాదు, ఎప్పుడు వచ్చిందన్నది చూడాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఒంటరిగా గదిలో ఉన్నా పరధ్యానమే. ఎవరితో గొడవ లేకపోయినా గ్యాస్ స్టవ్ ఆపడం మర్చిపోతారు, ఫీజు కట్టే గడువు దాటేస్తారు. కోపం భగ్గుమన్నా చాలాసార్లు త్వరగానే చల్లారుతుంది. బోర్డర్‌లైన్‌లో గాలివాన ఎక్కువగా మనుషుల చుట్టూ లేస్తుంది. పంపిన మెసేజ్ చూసి కూడా స్నేహితురాలు అరగంట జవాబివ్వలేదనుకోండి. అరగంటలో ‘బిజీగా ఉందేమో’ కాస్తా ‘నన్ను వదిలేసింది’ అయిపోతుంది. నిన్నటిదాకా ప్రాణమన్న మనిషి ఇవాళ శత్రువు. ఆ తర్వాత లోపలంతా ఖాళీ. మీ ఉత్తరంలో వస్తువులు మర్చిపోవడం మొదటి రకంలా ఉంది, ఫోన్ ఎత్తనప్పటి ఏడుపు రెండో రకంలా ఉంది. నాకు రెండో డాక్టర్‌నీ కాదనాలని లేదు, మొదటి డాక్టర్‌నీ కాదనాలని లేదు.

తేల్చాల్సింది చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్న డాక్టరే. మీరు చేయగలిగిన సాయం మాత్రం ఒకటుంది. పాత ప్రోగ్రెస్ కార్డులు ఎక్కడైనా ఉంటే వెతకండి. ‘తెలివైన పిల్లే, శ్రద్ధ లేదు’, ‘హోంవర్క్ సగంలో వదిలేస్తోంది’ అని టీచర్లు రాసిన మాటలు ఏడీహెచ్‌డీకి మంచి ఆధారం. గోల చేయకుండా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునే అమ్మాయిల్లో దాన్ని పెద్దయ్యేదాకా ఎవరూ పట్టించుకోరు. కొందరు అమ్మాయిల్లో ఆటిజం కూడా ఇలాగే మరుగున పడి, చివరికి బోర్డర్‌లైన్ అన్న పేరు తెచ్చుకుంటుంది. కాబట్టి ఆ అనుమానం ఉందా అని కూడా డాక్టర్‌ని అడగండి. నిద్ర, థైరాయిడ్, మత్తు పదార్థాల అలవాటు, బైపోలార్ – ఇవి కూడా చూడమనండి. బైపోలార్‌లో మితిమీరిన ఉత్సాహమో దిగులో రోజులూ వారాలూ అలాగే ఉండిపోతుంది, బోర్డర్‌లైన్‌లో మూడ్ గంటల్లో మారిపోతుంది.

అమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి. ఏడీహెచ్‌డీ పెంపకం వల్ల రాదు. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో దాని వెనక వంశపారంపర్య ప్రభావం 70 నుంచి 80 శాతం దాకా ఉందని తేలింది. (నాన్నగారు చిన్నప్పుడు ఎలా ఉండేవారో నాయనమ్మో మేనత్తో ఉంటే అడిగి చూడండి. ‘పొగరు’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినా తెలియవచ్చు.) నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు బరువు తక్కువ ఉండటం కూడా ముప్పును కొంత పెంచుతాయి. అమ్మల మీద నింద వేయడం వైద్యులూ చేశారు. 1950, 60 దశకాల్లో తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే ఆటిజం వస్తుందని పేరున్నవాళ్లే రాశారు. అది పూర్తిగా తప్పని తర్వాత తేలింది.

బోర్డర్‌లైన్ లెక్క కొంచెం వేరు. అందులోనూ జన్యువుల పాత్ర ఉంది, కానీ అనుభవాల పాత్ర కూడా పెద్దదే. చిన్నతనంలో వేధింపులకో నిర్లక్ష్యానికో గురైనవాళ్లు వీరిలో ఎక్కువ. అలాంటిదేమీ జరగనివాళ్లూ ఉన్నారు. మరీ సున్నితంగా పుట్టిన బిడ్డకు ‘ఇంత చిన్నదానికి ఏడుస్తావా’ అన్న మాటే రోజూ వినిపిస్తే తన బాధను తానే నమ్మలేని స్థితి వస్తుందని మార్షా లీనహాన్ అనే అమెరికన్ సైకాలజిస్టు వివరించారు. అదే ఇంట్లో పెరిగిన మీకు ఆ మాటలు తగలకపోయి ఉండవచ్చు. తనకు మాత్రం ఏదైనా పెద్ద దెబ్బే తగిలి ఉండవచ్చు, మీకెవరికీ చెప్పకుండా. గుచ్చి గుచ్చి అడగొద్దు, థెరపిస్టుతో చెప్పుకోనివ్వండి.

ఆ లీనహానే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, క్లుప్తంగా డీబీటీ, రూపొందించారు. అది పనిచేస్తుందా అని రోగుల మీద చేసిన పరిశోధన ఫలితాలు 1991లో వచ్చాయి. తానూ చిన్నవయసులో ఇలాగే గాయపరచుకుని ఆస్పత్రిలో గడిపానని 2011లో ఆవిడ బహిరంగంగా చెప్పారు. డీబీటీలో వారానికో వ్యక్తిగత సెషన్, ఒక గ్రూప్ క్లాసు, సాధారణంగా ఏడాది పాటు. ఉప్పెనలా వచ్చిన బాధను ఏమీ చేసుకోకుండా దాటడం, అడగాల్సింది అరవకుండా అడగడం అందులో నేర్పిస్తారు. పూర్తి డీబీటీ దొరకకపోతే ఆ పద్ధతులు తెలిసిన థెరపిస్టయినా చాలు. బోర్డర్‌లైన్‌ను నయం చేసే మాత్ర అంటూ లేదు. తోడుగా ఉన్న డిప్రెషన్‌కో నిద్రలేమికో మందులిస్తారు. చీటీలో నాలుగైదు రకాలు చేరిపోతే ఒక్కోటి దేనికో అడిగి తెలుసుకోండి, కానీ మీకు మీరే ఆపేయొద్దు. ఏడీహెచ్‌డీకి మాత్రం మందులు బాగానే పనిచేస్తాయి. మిథైల్‌ఫెనిడేట్, అటోమోక్సెటిన్ లాంటివి సైకియాట్రిస్టు బీపీ, గుండె వేగం చూసుకుంటూ ఇస్తారు. ఆకలి, నిద్ర తగ్గితే చెప్పాలి. ధ్యాస కుదిరితే థెరపీలో నేర్చుకున్నది గుర్తుంటుంది. అందుకే ఏ చికిత్స ముందు అన్నది ఇద్దరు డాక్టర్లలో ఒకరిని ఎంచుకుని ఆయనకే వదలండి. చెరో చీటీ పట్టుకుని తిరగడం అసలుకే ముప్పు.

నయమవుతుందా అన్నారు. ఏడీహెచ్‌డీ పూర్తిగా పోతుందని మాటివ్వలేను, అదుపులో ఉంచుకుని హాయిగా బతికేవాళ్లు కోకొల్లలు. బోర్డర్‌లైన్ విషయంలో మీరు అనుకున్నదానికన్నా మంచి కబురే ఉంది. అమెరికాలో 290 మందిని పదేళ్లు గమనించి 2010లో ప్రకటించిన అధ్యయనంలో 90 శాతానికి పైగా మందికి కనీసం రెండేళ్ల పాటు లక్షణాలు తగ్గి ఉన్నాయి. ఉద్యోగం, బంధాలు కూడా చక్కబడినవాళ్లు మాత్రం సగం మందే. అంటే గాయపరచుకోవడం ఆగగానే ‘ఇక బాగైపోయింది’ అని థెరపీ మాన్పించేయకండి.

ఈలోగా ఇంట్లో ఒక మార్పు. చెల్లెలు ఏడుస్తున్నప్పుడు ‘ఫోన్ ఎత్తకపోతే ఇంత గొడవా?’ అనకండి. ‘ఎత్తకపోయేసరికి భయం వేసింది కదూ’ అనండి. ఆ స్నేహితురాలు మోసం చేసిందని ఒప్పుకున్నట్టు కాదది, బాధ నిజమని ఒప్పుకోవడం, అంతే. అలాగని అర్ధరాత్రి పూట పదిసార్లు ఫోన్ వస్తే పదిసార్లూ ఎత్తక్కర్లేదు. ‘తొమ్మిదింటికి నేనే చేస్తాను’ అని చెప్పి సరిగ్గా తొమ్మిదింటికి చేయండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం వేళాపాళా లేదని కూడా తనతో చెప్పి ఉంచండి.

నాన్నగారిని ఒక్కసారి డాక్టర్ దగ్గరకు రమ్మనండి, చెల్లెలికి ఇష్టమైతేనే. ఆయన రానంటే వాదనకు దిగి అపాయింట్‌మెంట్ వాయిదా వేయొద్దు. మీరూ చెల్లెలూ వెళ్లండి.