గుండె దడ మాత్ర ఉండగా కొలెస్ట్రాల్‌ మాత్ర ఎందుకు?

ప్రశ్న: మా నాన్నకు 63 ఏళ్లు. కావలి దగ్గర రొయ్యల గుంటలు చూసుకుంటారు. గుండె లయ తప్పుతోందని ఏడాదిన్నరగా అమియోడరాన్‌ 200, కార్వెడిలాల్‌ వేసుకుంటున్నారు. కొలెస్ట్రాల్‌కు రాత్రిపూట సిమ్వాస్టాటిన్‌ 40. ఈమధ్య పిక్కలు లాగేస్తున్నాయని, ఒళ్లు బరువుగా ఉందని అంటున్నారు. మలబద్ధకం కూడా ఉంది. పోయినేడు 92 ఉన్న ఎల్‌డీఎల్‌ (చెడు కొలెస్ట్రాల్‌) ఇప్పుడు 146. కార్వెడిలాల్‌లోనే యాంటీ ఆక్సిడెంట్‌ గుణం ఉంది, కొవ్వు సంగతి అదే చూసుకుంటుంది, ఈ నొప్పులన్నీ కొలెస్ట్రాల్‌ మాత్ర వల్లే, మానేయమని మా బాబాయి అంటున్నారు. మానేయొచ్చా?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ బాబాయిగారు చెప్పినదాంట్లో నిజం ఉంది. మురుకులు డబ్బాలో నెలల తరబడి ఉండిపోతే పాత నూనె వాసన కొడతాయి కదా, అది నూనెకు గాలి తగిలి చెడిపోవడం. రక్తనాళం గోడలో చేరిన ఎల్‌డీఎల్‌ కొవ్వు కూడా అలాగే ఆక్సీకరణ చెందుతుంది. చెడిన ఆ కొవ్వును తెల్లకణాలు మింగి, ఉబ్బి, అక్కడే పేరుకుపోతాయి. పూడిక అలా మొదలవుతుంది. ఎల్‌డీఎల్‌ ఇలా చెడిపోకుండా కార్వెడిలాల్‌ కొంత అడ్డుకుంటుందని 1990ల నుంచి ప్రయోగశాలల్లో చూస్తూనే ఉన్నారు.

అయితే ఆ మందు ఎల్‌డీఎల్‌ను తగ్గించదు. నాన్నగారి రిపోర్టే సాక్ష్యం: రోజూ కార్వెడిలాల్‌ వేసుకుంటున్నా 92 కాస్తా 146 అయింది. యాంటీ ఆక్సిడెంట్లను నమ్ముకుంటే చాలా అన్న ప్రశ్నకు 2002లో బ్రిటన్‌ నుంచి గట్టి జవాబే వచ్చింది. 20,536 మందిపై అయిదేళ్లు సాగిన హార్ట్‌ ప్రొటెక్షన్‌ స్టడీలో విటమిన్‌ ఈ, సీ, బీటా కెరోటిన్‌ ఇచ్చి చూశారు. గుండెపోట్లు తగ్గలేదు. అదే అధ్యయనంలో సిమ్వాస్టాటిన్‌ వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం దాదాపు నాలుగో వంతు తగ్గాయి. కాబట్టి నాన్నగారికి కొలెస్ట్రాల్‌ మందు ఉండాల్సిందే. ఏ మందు, ఎంత డోసు అన్నదే చూడాలి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ 40 అంకె. అమియోడరాన్‌ వాడేవారికి సిమ్వాస్టాటిన్‌ రోజుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. సిమ్వాస్టాటిన్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును అమియోడరాన్‌ మందగింపజేస్తుంది. దాంతో మందు రక్తంలో పేరుకుని కండరాలను దెబ్బతీయవచ్చు. ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా రాసిన చీటీలు ఒకే ఇంట్లో కలిసినప్పుడు ఇలాంటివి జరుగుతుంటాయి. రేపటిదాకా ఆగకుండా ఈరోజే మీ గుండె డాక్టరుకు ఫోన్‌ చేయండి. డోసు తగ్గించడమో, ఈ చిక్కు లేని రోసువాస్టాటిన్‌కు మార్చడమో ఆయన చెబుతారు. ఈలోగా మూత్రం డికాక్షన్‌ రంగులో వచ్చినా, కూర్చున్నచోటు నుంచి లేవలేకపోయినా ఇక సిమ్వాస్టాటిన్‌ మాత్ర వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాకు రెండో అనుమానం థైరాయిడ్‌ మీద. 200 మిల్లీగ్రాముల అమియోడరాన్‌ మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్‌ ఉంటుంది. మనిషికి రోజుకు కావాల్సింది 0.15 మిల్లీగ్రాములే. అంత అయోడిన్‌ తాకిడికి కొందరిలో థైరాయిడ్‌ గ్రంథి మందగిస్తుంది. మందగిస్తే ఒళ్లు బరువు, మలబద్ధకం, పిక్కల నొప్పులు వస్తాయి, ఎల్‌డీఎల్‌ కూడా పెరుగుతుంది. మీరు రాసిన లక్షణాలన్నీ దీనికి సరిపోతున్నాయి. అమియోడరాన్‌ వాడేవారికి ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్‌ అనే థైరాయిడ్‌ రక్తపరీక్ష, కాలేయ పరీక్షలు చేయించాలి. నాన్నగారికి చివరిసారి ఎప్పుడు చేశారో చూడండి. థైరాయిడ్‌ తగ్గిందని తేలితే దానికి మాత్ర ఇస్తారు. చాలాసార్లు అమియోడరాన్‌ ఆపాల్సిన పని కూడా ఉండదు. ముందు థైరాయిడ్‌ సర్దుకుంటే కొలెస్ట్రాల్‌ అంకె దానంతటదే కొంత దిగుతుంది.

అమియోడరాన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. గుండె లయ మళ్లీ తప్పే ప్రమాదం ఉంది. పైగా అది కొవ్వులో దాక్కునే మందు, ఆపినా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది, కాబట్టి సిమ్వాస్టాటిన్‌తో చిక్కు వెంటనే పోదు. ఈ మందు వాడేవారి చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. గుంటల గట్ల మీద తిరిగేటప్పుడు నిండు చేతుల చొక్కా, తలకు తువాలు తప్పనిసరి. పంపరపనస పండు వద్దు. చేపల పులుసు తినొచ్చు, నూనె తగ్గించి వండండి.

టీఎస్‌హెచ్‌తోపాటు సీపీకే అనే కండరాల పరీక్ష, కాలేయ పరీక్ష కావలిలోనే చేయించి, ఆ కాగితాలతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాన్నగారి మందుల సంచి మొత్తం తీసుకెళ్లి బల్ల మీద బోర్లించండి. మోకాళ్ల నొప్పులకని ఎవరైనా ఇచ్చిన పొడి ఉంటే అదీ పెట్టండి.