జీతం తేదీకీ కుళాయి నీళ్లకీ ఉన్న లంకె

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒకరు ఇలా అడిగారు: "మా గ్రామ సచివాలయంలో పదిమంది దాకా ఉద్యోగులున్నారు. అయినా డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీయించమంటే నెలల తరబడి తిప్పుతున్నారు. వీళ్లని గట్టిగా అదిలిస్తే పని జరుగుతుందా, బాగా చూసుకుంటే జరుగుతుందా?"

నేను కోనసీమలో పంచాయతీ కార్యదర్శిగా చేసి 2023లో రిటైరయ్యాను. అదిలించడం నేనూ చాలా చేశాను. దానివల్ల ఏం జరిగిందో చెబుతాను, మిగతాది మీకే అర్థమవుతుంది.

పదేళ్ల కిందటి మాట. మే నెల, గోదావరి కాలువలకి నీళ్లు కట్టేశారు. మంచినీళ్ల చెరువులో నీళ్లు సగానికి దిగి పచ్చబడ్డాయి. ఓ వారం తిరక్కుండానే ఒకే వీధిలో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఊరంతా పంపు ఆపరేటరు మీద పడింది. "వాడు బ్లీచింగ్ కలపట్లేదు, డబ్బు తినేస్తున్నాడు" అన్నారు. నేను కూడా నలుగురిలో అతన్ని నానా మాటలూ అన్నాను. అతను తల వంచుకుని, "రోజూ కలుపుతున్నానండీ" అని మాత్రం అన్నాడు.

మర్నాడు తెల్లారే పంపు షెడ్డుకి వెళ్లాను. మూల గచ్చు మీద బ్లీచింగ్ బస్తా మూతి తెరిచి ఉంది. చెయ్యి పెడితే పిండి కాదు, తడిసిన సున్నంలా గడ్డలు. వాసన కూడా లేదు. కొత్త బస్తాలో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. తేమ తగిలితే అది ఎగిరిపోతుంది. అతను రోజూ అదే డబ్బాతో కొలిచి కలుపుతున్నమాట నిజమే, కలిపేదాంట్లో సారం లేదు. కుళాయి దగ్గర లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. అది తెలుసుకోవడానికి చిన్న కిట్ ఉంటుంది. నీళ్లలో మందు చుక్క వేస్తే పసుపు రంగు తిరుగుతుంది, అంతే. ఆ కిట్ మా బీరువాలో సీలు తీయకుండా ఉంది. కార్యదర్శులకైతే సామర్లకోట విస్తరణ శిక్షణ కేంద్రంలో శిక్షణ, భోజనం, సర్టిఫికెట్ అన్నీ ఉండేవి. నీళ్లు వదిలేవాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ని నేనే.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. బ్లీచింగ్ కలిపాక అరగంట ఆగి నీళ్లు వదలాలి. అతను ఆగట్లేదు. ఎందుకని అడిగితే, "కొబ్బరి దింపుకెళ్లాలండీ. ఏడింటికల్లా చెట్టెక్కకపోతే మేస్త్రీ ఇంకోణ్ణి పిలుస్తాడు. మీ జీతం ఎప్పుడొస్తదో తెలీదు, అక్కడ సాయంత్రానికి డబ్బులు చేతికొత్తాయి" అన్నాడు. పుస్తకం తిరగేస్తే అతనికి ఐదు నెలల జీతం బాకీ. ఐదు నెలలుగా కొబ్బరి చెట్లెక్కి ఇల్లు గడుపుకుంటూ మాకు ఊరికే నీళ్లు పోస్తున్నాడన్నమాట. ఆ మనిషినా నేను నలుగురిలో తిట్టింది!

జీతం ఎందుకు ఆగిందంటే, మా పంచాయతీలో అది సాధారణ నిధుల్లోంచి రావాలి. అంటే ఇంటి పన్ను, చేపల చెరువు పాట, సంత పాట, పుంత గట్టున కొబ్బరి చెట్ల పాట. ఇంటి పన్ను ఎవరైనా మార్చి ఆఖర్లోనే కడతారు. మధ్యలో డబ్బులుండవు. ఉన్న కాస్త డబ్బూ కరెంటు సామాన్లకీ, పండక్కి వీధి దీపాలకీ పోతుంది. కేంద్రం డబ్బు రాదా అంటారు. వస్తుంది. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే వాడాలని ఉండేది. మిగతా 40 శాతాన్ని జీతాలకు వాడకూడదనీ ఉండేది. ఆ నిధులతో పైపులైను వేయించుకోవచ్చు గానీ, నీళ్లు వదిలే మనిషి జీతానికి ఊరి సొంత డబ్బే ఆధారం.

మేము చేసింది పెద్ద తెలివైన పనేమీ కాదు. నెలలో మొదటి బిల్లు కింది సిబ్బంది జీతాలదే ఉండాలని తీర్మానం రాయించాం. చెరువు పాట డబ్బులోంచి మూడు నెలల జీతం పక్కన పెట్టాం. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బులు చేతికొచ్చే రోజుల్లోనే ఇంటింటికీ వెళ్లి సగం పన్నైనా కట్టమన్నాం. ఈ నెల ఎంత పన్ను వచ్చింది, ఎవరి జీతం ఏ నెల దాకా ఇచ్చాం అని పంచాయతీ గోడ మీద సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టాం. అది చూసి ఒక షావుకారు, "మన నీళ్ల కుర్రాడికి రెండు నెలలు బాకీయా?" అంటూ తన పాత పన్ను కట్టేశాడు. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కొన్నాం. ఆపరేటరు రోజూ చివరి కుళాయి దగ్గర పసుపు రంగు చూసి పలకమీద రాసేవాడు. దింపుకెళ్లడం మానలేదు, కాకపోతే నీళ్లు వదిలాకే వెళ్లేవాడు. తర్వాత పాలకవర్గం మారి ఆ తీర్మానం రెండుసార్లు పక్కకి పోయింది. ఆ రెండుసార్లూ పలకమీద ఖాళీలే మిగిలాయి.

వరదల సంగతి ఇంకా ఘోరం. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17 లక్షలకే. 1986లో 35 లక్షలు చూసిన పెద్దవాళ్లు "ఇదెంతలే" అన్నారు గానీ, కాజ్‌వేలు మునిగి, ఏటి మధ్యనున్న లంక ఊళ్లకి పడవలే దిక్కయ్యాయి. పునరావాస శిబిరంలో మరుగుదొడ్లు కడిగే పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె మూడు రోజులుగా అదే చీరతో కనిపిస్తోంది. ఇంటికెళ్లి మార్చుకోవమ్మా అన్నాను. "ఇల్లెక్కడుంది బాబుగారూ, కిటికీల దాకా నీళ్లే. పిల్లలు ఏటిగట్టు మీద బరకం కింద ఉన్నారు" అంది. మూడు రోజులుగా ఆమెతో పని చేయిస్తూ, ఆమె ఇల్లు ఎక్కడో అడగాలని నాకు తోచలేదు. నీళ్లు తీశాక ఒండ్రు ఎత్తడానికి బూట్లు వచ్చాయి, అన్నీ మగవాళ్ల సైజే. ఆడవాళ్లు వాటిలో నడవలేక పక్కన పెట్టి వట్టి కాళ్లతో దిగారు. ఆ నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి, కాలి పగుళ్లలోంచి జ్వరం పట్టుకుంటుంది. కొన్నవాడికి ఇది తెలియదు. వేసుకునేవాళ్లని ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడాది నేను దిగిపోయే ముందు, జూన్‌లోనే మా సిబ్బందిలో ఎవరి ఇల్లు ఏటిగట్టుకి లోపల ఉంది, ఎవరిది లంకలో ఉంది, కాలి సైజు ఎంత అని ఒక కాగితం తయారు చేశాం. వరదొస్తే అలాంటివాళ్లని మొదటి రెండు రోజులూ ఇంటికి పంపి, ముంపు లేని పంచాయతీల నుంచి మనుషుల్ని తెచ్చుకోవాలని పక్క కార్యదర్శులతో మాట్లాడుకున్నాం.

సచివాలయం ఉద్యోగుల విషయం క్లుప్తంగా చెబుతాను. 2019 అక్టోబరు 2న ఈ వ్యవస్థ మొదలైంది. వచ్చిన పిల్లలు చదువుకున్నవాళ్లు, చురుకైనవాళ్లు. అయితే ఒక్కొక్కరికి మండలంలో ఒక్కో అధికారి, ఫోన్లో ఒక్కో యాప్. ఒకే వారంలో ముగ్గురు వెళ్లి ఆధార్ అడిగితే ఒకావిడ "నా నంబరు గోడమీద రాయిస్తాను, వచ్చి చూసుకోండి నాయనా" అంది. రోజూ పొద్దున పావుగంట అందరూ కలిసి కూర్చుని, ఎవరు ఏ వీధికి వెళ్తున్నారో చెప్పుకుంటే ఈ గోలలో సగం తగ్గుతుంది. మా దగ్గర తగ్గింది. టీ డబ్బులు మాత్రం నా జేబులోంచే పోయేవి.

ఇక మీ గుర్రపుడెక్క. ముందు ఆ డ్రెయిన్ ఎవరిదో కనుక్కోండి. వీధి కాలువైతే పంచాయతీది. పొలాల మురుగు మోసే డ్రెయిన్ అయితే జలవనరుల శాఖది. ఆ పిల్లలు అందులో తట్ట కూడా వేయలేరు, కాగితం పైకి పంపడమే వాళ్ల చేతిలో ఉంది. అలాంటప్పుడు వాళ్లని తిట్టి లాభం లేదు. వాళ్లు పంపిన కాగితం నకలు తీసుకుని, రైతులు నలుగురు కలిసి డ్రైనేజీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గరికి వెళ్లండి. కాలువలు కట్టేసే ముందే వెళ్లండి. వానలు మొదలయ్యాక అయ్యే పని కాదది.

వీధి కాలువే అయితే, ఈసారి గ్రామసభలో లేచి అడగండి: కాలువ తీసేవాళ్లకి ఏ నెల దాకా జీతం ఇచ్చారు? మీ ఇంటి పన్ను రసీదు జేబులో పెట్టుకుని వెళ్లండి. ఎదురు ప్రశ్న అదే వస్తుంది.