అంచు దాకా వెళ్లు, అప్పుడు దూకు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే ఆట గురించి వచ్చాయి కాబట్టి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి శీర్షిక మొత్తం సెలెస్ట్‌కే ఇస్తున్నాను. తెలియనివాళ్లకు రెండు మాటలు: 2018 జనవరిలో వచ్చిన ఆట, మ్యాడలిన్ అనే అమ్మాయి కెనడాలో సెలెస్ట్ అనే కొండ ఎక్కుతుంది. ఆమెకు వచ్చినవి మూడే పనులు. దూకడం, గాల్లో ఒకసారి డాష్ కొట్టడం, అంటే ఏదో ఒక వైపుకి ఒక్కసారిగా దూసుకెళ్లడం, గోడ పట్టుకుని పాకడం. ఆ మూడింటితోనే ఆట అంతా.

అన్నా, నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మొదటి చాప్టర్‌లోనే గంటన్నరగా ఇరుక్కుపోయాను. గుంత కనబడగానే దూకుతాను, అవతలి అంచుకు కొంచెం ఇవతలే పడిపోతాను. నా రిఫ్లెక్సులు స్లోనా? ఇలాంటి ఆటలు నావల్ల కాదా? – ఒక విద్యార్థి, కాకినాడ

తమ్ముడూ, జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. "గుంత కనబడగానే దూకుతాను" అన్నావు చూడు, అదే. నీ చెయ్యి స్లో కాదు, తొందరపడుతోంది. కొత్తగా ఆడేవాళ్లు పడిపోయేది ఎక్కువగా ఆలస్యంగా దూకినందుకు కాదు, భయపడి రెండడుగులు ముందే దూకేసినందుకు. ఇవతల రెండడుగులు వదిలేస్తే అవతల రెండడుగులు తక్కువపడతాయి, లెక్క అంతే.

నీకు ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి, ఈ ఆట నీ పక్షాన ఉంది. మ్యాడలిన్ కాలు అంచు దాటి గాల్లోకి వెళ్లాక కూడా 0.1 సెకను పాటు నువ్వు జంప్ నొక్కొచ్చు, నేల మీద నిలబడి నొక్కినట్టే తీసుకుంటుంది. దీన్ని కోయోట్ టైమ్ అంటారు, పాత కార్టూన్లలో కోయోట్ అంచు దాటి గాల్లోనే పరుగెత్తి, కిందికి చూశాక గానీ పడదు కదా, ఆ పేరే. 0.1 సెకనులో ఏముందిలే అనుకోకు. మ్యాడలిన్ పరుగు వేగం సెకనుకు 90 పిక్సెళ్లు (తెర మీది బొమ్మ తయారయ్యే చిన్న చుక్కలు), అంటే ఆ కాస్త సమయంలో 9 పిక్సెళ్లు ముందుకు వెళ్తుంది. నేలలో ఒక్కో గడి వెడల్పు 8 పిక్సెళ్లే. అంటే అంచు అయిపోయాక కూడా నీకు కనబడని గడి ఇంకొకటి అక్కడ ఉందన్నమాట, నువ్వేమో ఉన్న గడిని కూడా వదిలేసి దూకుతున్నావు.

అక్కడితో అయిపోలేదు. నేలను తాకకముందే తొందరపడి జంప్ నొక్కేశావనుకో, ఆ నొక్కుడుని 0.08 సెకను గుర్తుపెట్టుకుని కాలు ఆనగానే దూకిస్తుంది. పైకి దూకేటప్పుడు రాయి మూలకు తల కొంచెం తగిలితే, నాలుగు పిక్సెళ్ల లోపు తేడా అయితే, పక్కకు జరిపి పైకి పంపేస్తుంది. ఇవి నేను ఊహించి చెప్పేవి కావు. ఆట తయారుచేసిన మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ మ్యాడలిన్ కదలికల కోడ్‌ని ఎవరైనా చదువుకునేలా బయటపెట్టారు, ఈ అంకెల్లో చాలావరకు అందులో ఉన్నవే.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను, నాకోసం ఒక్క సాయంత్రం చేసి చూడు. నువ్వు ఇరుక్కున్న గదిలోనే, ముందు పదిసార్లు అసలు జంప్ ముట్టుకోకుండా పరుగెత్తి గుంతలో పడిపో. కావాలనే పడు. పడితే పోయేదేం లేదు, రెప్పపాటులో అదే గది మొదట్లో నిలబెడుతుంది. పది సార్లయ్యేసరికి అంచు ఎక్కడ అయిపోతోందో నీ కంటికి పట్టుబడుతుంది. తర్వాత పదిసార్లు, కాలు అంచు దాటిందని అనిపించాకే నొక్కు, ముందు మాత్రం వద్దు. మూడు నాలుగు సార్లు పడతావు, ఐదోసారి అవతలి గట్టు మీద నిలబడి ఉంటావు. నేను ఆట నేర్పిన పిల్లలందరిచేతా ముందు చేయించేది ఇదే.

నాది పైవాళ్లకు రివర్స్. ఎప్పుడు దూకినా ఎక్కువ ఎత్తుకు వెళ్లి పైనున్న ముళ్లకు తగులుతున్నాను. జంప్ తగ్గించే సెట్టింగ్ ఎక్కడుంది సార్? – ఒక పాఠకుడు, ఖమ్మం

సెట్టింగ్ లేదు, బొటనవేలిలో ఉంది. బటన్‌ని ఎంతసేపు నొక్కి పట్టుకుంటే అంత ఎత్తు, దాదాపు 0.2 సెకను వరకు. ముందే వదిలేస్తే అక్కడితో ఎగరడం తగ్గి కిందికి వచ్చేస్తుంది. ఇది కొత్త విద్య కూడా కాదు, 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లోనూ ఇలాగే ఉంటుంది. చిన్నప్పుడు టీవీకి తగిలించుకునే వీడియో గేమ్‌లో మారియో ఆడినవాళ్లకు చేతికి తెలిసిన విషయమే ఇది, మాటల్లో మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

మనం నొక్కడం మీదే ధ్యాస పెడతాం, వదలడం గురించి ఆలోచించం. టెన్షన్‌లో ఉన్నప్పుడు వేలు బటన్ మీద బిగుసుకుపోతుంది, అందుకే మీకు ప్రతి జంప్ పూర్తి ఎత్తుకే పోతోంది. ముళ్లు లేని చోట నిలబడి మూడు రకాలుగా దూకండి. వేడి పెనాన్ని తాకి వేలు వెనక్కి తీసుకున్నట్టు ఒకటి, సగం ఒకటి, పూర్తిగా ఒకటి. ఇంకో చిన్న రహస్యం ఏంటంటే జంప్ పై కొసకు చేరినప్పుడు బటన్ ఇంకా పట్టుకుని ఉంటే ఆ కాస్సేపు ఆమెను కిందికి లాగే బరువు సగమే ఉంటుంది, తేలుతున్నట్టు ఆగుతుంది. ఎక్కడ దిగాలో చూసుకోవడానికి ఆ క్షణం వాడుకోండి.

కంప్యూటర్ కీబోర్డు మీద ఆడుతున్నా. ఏటవాలుగా డాష్ కొడదామంటే ఒకసారి నేరుగా పోతుంది, ఒకసారి అసలు రాదు. నా పొరపాటా, ఆటలో బగ్గా? – డిగ్రీ విద్యార్థిని, వరంగల్

రెండూ కాకపోవచ్చమ్మా, ముందు కీబోర్డుని అనుమానించు. ధర తక్కువ కీబోర్డుల్లో కొన్నిటికి మూడు కీలు కలిపి నొక్కితే మూడోది అందదు. నాకూ ఇదే అయింది. పై బాణం, ఎడమ బాణం పట్టుకుని ఎక్స్ నొక్కితే డాష్ వచ్చేది కాదు, అదే కుడివైపైతే చక్కగా వచ్చేది. నెల రోజులు నా వేళ్లదే తప్పనుకుని అదే గదిలో కూర్చున్నాను. పరీక్ష సులువు, నోట్‌ప్యాడ్ తెరిచి రెండు బాణాలూ నొక్కి పట్టుకుని ఎక్స్ కొట్టు. అక్షరం పడితే కీబోర్డు బాగున్నట్టే, పడకపోతే ఆట ఆప్షన్స్‌లోకి వెళ్లి డాష్‌ని వేరే కీకి మార్చుకో, కొత్తది కొనాల్సిన పని లేదు.

ఇక నేరుగా పోవడం సంగతి. డాష్ నొక్కగానే ఆట 0.05 సెకను ఆగుతుంది, జాగ్రత్తగా చూస్తే చిన్న కుదుపులా తెలుస్తుంది. ఎటు వెళ్లాలన్నది ఆ కుదుపు అయ్యాకే తేలుతుంది. నువ్వు ఎక్స్ కొట్టిన ఊపులో ఒక బాణం మీంచి వేలు తీసేస్తున్నావు, అందుకే పైకీ పక్కకీ పోవాల్సింది ఒక్క పక్కకే పోతోంది. డాష్ కదలడం కంటికి కనబడేదాకా బాణాలు వదలకు, చాలు. జుట్టు కూడా చూస్తూ ఉండు. ఎర్రగా ఉంటే డాష్ ఉన్నట్టు, నీలంగా మారితే అయిపోయినట్టు. నేల తాకినా, దారిలో ఆకుపచ్చ స్ఫటికాన్ని ముట్టుకున్నా మళ్లీ ఎర్రబడుతుంది.

గోడ మీద ఎంతసేపు వేలాడొచ్చు? సగంలోనే జారిపోతున్నా. – ఒక పాఠకుడు, అనంతపురం

ఓపిక మొత్తం 110 అనుకోండి. కదలకుండా పట్టుకుంటే సెకనుకు 10 ఖర్చు, అంటే 11 సెకన్లు. పైకి పాకితే సెకనుకు 45 దాటుతుంది, రెండున్నర సెకన్లు కూడా రాదు. గోడ పట్టుకునే పైకి దూకితే ఒక్కో దూకుకి 27.5, అంటే నాలుగుతో సరి. గోడ నుంచి అవతలికి దూకడానికి మాత్రం ఏమీ ఖర్చు కాదు. అందుకని ఎదురెదురుగా రెండు గోడలుంటే పాకడం మానేసి అటూ ఇటూ దూకుతూ ఎక్కండి. మ్యాడలిన్ ఎర్రగా మెరవడం మొదలైందంటే ఇక ఆలోచించే టైమ్ లేదు.

మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఈ ఆటలో వందలసార్లు చచ్చిపోయి కోపంతో కంట్రోలర్ విసిరేస్తున్నాడు. అసిస్ట్ మోడ్ పెట్టుకోమంటే "అది చీటింగ్ అమ్మా, నా ఫ్రెండ్స్ నవ్వుతారు" అంటాడు. ఆట మాన్పించాలా? – ఒక తల్లి, డాలస్

మాన్పించకండమ్మా. కంట్రోలర్ విసరడం మాత్రం ఆపించండి, విసిరిన రోజుకి ఆట అక్కడితో బంద్ అని చెప్పేయండి, అందులో మొహమాటం వద్దు.

అసిస్ట్ మోడ్ బయటివాళ్లు తెచ్చి అంటించింది కాదు, ఆట చేసినవాళ్లే మెనూలో పెట్టారు. ఆట వేగాన్ని 50 శాతం దాకా తగ్గించుకోవచ్చు, పదేసి శాతం చొప్పున. ఓపిక అయిపోకుండా చేసుకోవచ్చు, దెబ్బ తగలకుండా కూడా చేసుకోవచ్చు. బాబుకి దెబ్బ తగలనిది వద్దు, దాంతో ఆడితే జంప్ ఎక్కడ తప్పిందో తెలియకుండా గది దాటిపోతాడు. వేగం మాత్రం 70కి తగ్గించమనండి. సంగీతం నేర్చుకునేవాళ్లు సరళీవరసలు మొదటి కాలంలో పాడి, కుదిరాక రెండో కాలానికి వెళ్తారు కదా, అలాగే గది దాటాక 80, మళ్లీ అదే గది 90, ఆఖరికి 100. మొదటి కాలంలో పాడాడని ఏ గురువూ శిష్యుణ్ని మోసగాడు అనడు, ఈ మాట బాబుకి నా మాటగా చెప్పండి.

ఎన్నిసార్లు చచ్చిపోయాడన్న లెక్క చూసి బాధపడుతుంటే, ఆ అంకెని చూసి గర్వపడమని ఆటలోనే ఒక పోస్టుకార్డు వస్తుంది, చూపించండి. నాకు ఈ ఆట ఇంత ఇష్టం కావడానికి ఇంకో కారణం ఉంది. నాలుగో చాప్టర్ చివర కొండ మీద తీగల బండి మధ్యలో ఆగిపోయి మ్యాడలిన్‌కి ఊపిరి ఆడనంత భయం వేస్తుంది. పక్కనున్న థియో, ఆమెలాగే కొండ ఎక్కడానికి వచ్చిన కుర్రాడు, ఆమెను ఒక ఈకని ఊహించుకోమంటాడు, మెల్లగా ఊపిరి తీస్తూ వదులుతూ ఆ ఈక కింద పడకుండా చూసుకోమంటాడు. తెర మీద ఆ ఈకని మనమే ఆడించాలి. ఆ ఘట్టం వచ్చినప్పుడు మీరూ బాబు పక్కన కూర్చోండి. తర్వాత కోపం వచ్చిన రోజు "ఈక గుర్తుందా నాన్నా" అంటే చాలు, వాడికి అర్థమవుతుంది.

ఆట మొత్తం పూర్తిచేశాను అన్నా, ఫేర్‌వెల్‌లో వేవ్‌డాష్ దగ్గర ఆగిపోయాను. పది ప్రయత్నాల్లో ఒకటి వస్తుంది. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

2019 సెప్టెంబర్‌లో ఉచితంగా ఇచ్చిన ఆఖరి చాప్టర్ అది, అక్కడిదాకా వచ్చావంటే చేతులు బాగా కుదిరాయన్నమాటే. వేవ్‌డాష్ అంటే నేలకి కొంచెం పైనుంచి కిందికి ఏటవాలుగా డాష్ కొట్టి, నేల తాకాక జంప్ నొక్కడం. రయ్యిన ముందుకు దూసుకుపోతావు, ఖర్చైన డాష్ కూడా తిరిగి వస్తుంది.

పదిలో తొమ్మిది ఎందుకు పోతున్నాయంటే, నా అంచనా, నువ్వు మరీ ఎత్తుకు దూకుతున్నావు. ఎత్తు ఎక్కువైతే నేల చేరేలోపే డాష్ అయిపోతుంది, ఊపు పోతుంది. పైన ఖమ్మం ఆయనకు చెప్పిన పొట్టి జంప్ ఇక్కడ పనికొస్తుంది, వేలు తాకించి వదిలెయ్, వెంటనే కిందికి ఏటవాలుగా డాష్, కాలు ఆనాక మళ్లీ జంప్. మూడు నొక్కుళ్లు ఒకే ఊపులో పడాలి, నేను పైకి "టక్, టక్, టక్" అనుకుంటూ నేర్చుకున్నాను. జంప్ పడ్డాక జుట్టు ఇంకా నీలంగానే ఉంటే మూడో నొక్కుడు తొందరపడ్డట్టు, ఇంకాస్త ఆగి నొక్కు. ఫేర్‌వెల్‌లో కాకుండా ముళ్లు లేని పాత చాప్టర్ ఏదైనా తెరిచి కుడివైపుకి ఇరవై, ఎడమవైపుకి ఇరవై చెయ్. ఎడమ తప్పకుండా చెయ్, అందరూ కుడివైపే సాధన చేసి అక్కడే దొరికిపోతారు.